నింపడం ఒక పని, నిలుపుకోవడం ఇంకో పని

విటమిన్ డి లోపంపై ఒక వైద్యుడు చేసిన ప్రసంగం, ఆ తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాల పాఠం

అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం విటమిన్ డి లోపం, దాని చికిత్స. చికిత్స వరకే అయితే పది నిమిషాల్లో ముగించి కూర్చోవచ్చు. మందు ఏమిటో తెలుసు, మోతాదు తెలుసు, వాడితే చాలామందిలో పనిచేస్తుందనీ తెలుసు. వైద్యంలో ఇంత సుఖమైన పరిస్థితి తరచుగా ఉండదు. అయినా ఈ లోపంతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇది మొదటిసారి కాదు. ‘‘అప్పట్లో కోర్సు మొత్తం వాడాను డాక్టర్ గారూ, బాగా పెరిగింది, ఇప్పుడు మళ్లీ పడిపోయింది’’ అంటూ పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెడతారు. మందు పనిచేయలేదేమోనని వాళ్ల అనుమానం. మందు బాగానే పనిచేసింది. ఆపేశాక పనిచేయడం మానేసింది, అంతే.

ఇది వచ్చి పోయే జబ్బు కాదు. ఒంటికి రోజూ అందవలసినది అందకపోవడం. అందకపోవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఎనిమిది వారాలు గుళికలు మింగినంత మాత్రాన ఆ కారణం ఎక్కడికీ పోదు. నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే. దారిలో పరీక్షల సంగతి, మోతాదుల సంగతి, అక్కరలేని భయాల సంగతి కూడా వస్తాయి.

ముందు ఈ విటమిన్ ఒంట్లో ఎలా తయారవుతుందో చూద్దాం. మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకానివి, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి, దానికి తగిలితే అది ప్రీవిటమిన్ డి3 అవుతుంది. ఆ తర్వాత ఒంటి వేడికే మెల్లగా విటమిన్ డి3గా మారుతుంది. ఆ రూపంలో అది ఇంకా పనికి సిద్ధం కాదు. కాలేయానికి చేరి ఒక మార్పు పొందాలి. అలా తయారైన దాన్ని 25-హైడ్రాక్సీ విటమిన్ డి అంటాం. రక్తంలో తిరుగుతూ ఉండే నిల్వ అదే. మూత్రపిండాలు ఆ నిల్వలోంచి అవసరమైనంత తీసుకుని కాల్సిట్రియాల్‌గా మారుస్తాయి. అసలు పని చేసేది కాల్సిట్రియాల్. అది చాలినంత లేకపోతే మనం తిన్న కాల్షియంలో పేగులు పీల్చుకునేది 10, 15 శాతమే. ఉంటే 30, 40 శాతం దాకా పీల్చుకోగలవు. అందుకే డి లేకుండా కాల్షియం మాత్రలు ఎన్ని వేసుకున్నా వాటిలో ఎక్కువ భాగం వచ్చిన దారినే బయటికి పోతుంది.

ఎండలో గంటల తరబడి ఉంటే విటమిన్ ఎక్కువైపోదా అని అడిగేవారుంటారు. ఎక్కువైపోదు. చర్మంలో ప్రీవిటమిన్ ఒక స్థాయి దాటితే, అదే ఎండ దాన్ని లూమిస్టెరాల్, టాకిస్టెరాల్ అనే పదార్థాలుగా మార్చేస్తుంది. వాటితో ఎముకకు లాభమూ లేదు, మనకు ప్రమాదమూ లేదు. చర్మానికి ఈ అడ్డుకట్ట ఉంది. గుళికకు లేదు. ఈ తేడాను దయచేసి మనసులో పెట్టుకోండి, మోతాదుల దగ్గర మళ్లీ దీని అవసరం వస్తుంది.

ఇదంతా మనకు తెలిసిన తీరు చాలా ఆసక్తికరంగా ఉంటుంది. కాళ్లు విల్లులా వంగిపోయి, మణికట్లు ఉబ్బి, ఎదుగుదల ఆగిపోయే పిల్లల జబ్బు రికెట్స్ గురించి ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే ఆంగ్ల వైద్యుడు 1650లోనే పెద్ద గ్రంథం రాశాడు. జబ్బును అంత బాగా వర్ణించినా కారణం మాత్రం అంతుపట్టలేదు. 1890లో థియోబాల్డ్ పామ్ అనే మరో వైద్యుడు లోకంలో ఎక్కడెక్కడ రికెట్స్ ఉంది, ఎక్కడ లేదు అని ఆరా తీసి, తేడా ఎండలో ఉందని చెప్పాడు. పిల్లలను ఎండలో ఉంచమన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత రెండు వర్గాలు తయారయ్యాయి. ఇది తిండిలో లోపమని ఒక వర్గం, వెలుతురు లోపమని ఇంకో వర్గం. 1919లో ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లలను ఇంటి లోపలే ఉంచి, ఓట్స్ గింజల తిండి ఎక్కువగా పెట్టి వాటికి రికెట్స్ తెప్పించాడు. కాడ్ చేప కాలేయపు నూనెతో తగ్గించాడు. కాబట్టి తిండే అన్నారు. సరిగ్గా అదే ఏడాది బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ ఉన్న పిల్లల మీద పాదరసపు ఆవిరి దీపం వెలుగు పడేలా చేసి, వాళ్ల ఎముకలు బాగుపడడాన్ని ఎక్స్‌రేల్లో చూపించాడు. కాబట్టి వెలుతురే అన్నారు.

ఇందులో నాకు బాగా నచ్చిన భాగం హుల్డ్‌షిన్‌స్కీ చేసిన తర్వాతి పని. ఒక చేతి మీద మాత్రమే వెలుగు పడేలా చేసి చూశాడు. రెండో చేతి ఎముకలు కూడా బాగుపడ్డాయి. అంటే ఆ వెలుగు నేరుగా ఎముక మీద పనిచేయడం లేదు. చర్మంలో ఏదో తయారవుతోంది, అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోంది. పెద్ద యంత్రాలేవీ లేకుండా ఒక చేతిని కప్పి ఉంచి తేల్చిన విషయం ఇది! 1922లో ఎల్మర్ మెకల్లమ్ కాడ్ నూనెను వేడి చేసి, గాలి పట్టించి, అందులోని విటమిన్ ఎ నాశనమయ్యేలా చేశాడు. ఆ నూనె అప్పటికీ రికెట్స్‌ను నయం చేసింది. లోపల ఇంకేదో ఉందన్నమాట. వరుసలో తర్వాతి అక్షరం డి కాబట్టి దానికి ఆ పేరు పెట్టారు. నూనెలో ఉన్నదీ చర్మంలో తయారయ్యేదీ ఒకటేనని తేలాక రెండు వర్గాల తగాదా తీరిపోయింది. ఇద్దరూ సరిగానే చెప్పారు. వైద్య చరిత్రలో తగాదాలు ఇంత మర్యాదగా తీరడం అరుదు.

(నవ్వులు)

సరే, లోపం వస్తే ఏమవుతుంది? పేగులు కాల్షియం పీల్చుకోవడం తగ్గుతుంది. కానీ రక్తంలో కాల్షియం పడిపోవడానికి శరీరం ఒప్పుకోదు. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా అది ఒక స్థాయిలో ఉండి తీరాలి. అందుకని మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు రంగంలోకి దిగుతాయి. వాటి హార్మోను ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగి రక్తంలోకి తెస్తుంది. మూత్రంలో భాస్వరం ఎక్కువగా పోయేలా చేస్తుంది. ఫలితంగా రక్త పరీక్షలో కాల్షియం చాలాకాలం మామూలుగానే కనిపిస్తుంది. ‘‘కాల్షియం బాగానే ఉంది, ఇక ఎముకలకేమి’’ అని నిశ్చింతగా ఉంటాం. అది బాగానే ఉన్నట్టు కనిపించేది ఎముకల ఖర్చుతోనే.

ఇలా కొనసాగితే పిల్లల్లో రికెట్స్ వస్తుంది. పెద్దవాళ్లలో ఆస్టియోమలేషియా వస్తుంది. అంటే కొత్తగా ఏర్పడే ఎముకలో ఖనిజం సరిగా నిండక మెత్తబడడం. ఎముక సాంద్రత తగ్గే ఆస్టియోపొరోసిస్ వేరు, ఇది వేరు. అది విరిగేదాకా నొప్పి పుట్టించదు, ఇది నొప్పి పుట్టిస్తుంది. పక్కటెముకల మీద, మోకాలి కింది ముందు ఎముక మీద వేలితో నొక్కితే అబ్బా అంటారు. నడుము కింద, తుంటి చుట్టూ లోపలెక్కడో ఒకటే నొప్పి, ఫలానా చోట అని చూపించలేరు.

నొప్పి కంటే ముందు నేను అడిగేది కండరాల సంగతి. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవగలరా? నేల మీద కూర్చుంటే ఆసరా లేకుండా లేవగలరా? మెట్లు ఎక్కేటప్పుడు తొడలు సహకరిస్తున్నాయా? తీవ్రమైన లోపంలో తుంటి, భుజాల దగ్గరి పెద్ద కండరాలు బలహీనపడతాయి. నడక అటూ ఇటూ ఊగుతున్నట్టు మారుతుంది. ‘వయసు మీద పడింది’ అని ఇంట్లోవాళ్లు, ఆ మనిషి కూడా సరిపెట్టుకున్న బలహీనతలో కొంత భాగం నిజానికి చికిత్సతో పోయేదే కావచ్చు. ఈ లోపానికి వైద్యం చేయడంలో డాక్టరుకు కలిగే అసలైన ఆనందం అక్కడ ఉంది. కొద్ది నెలల్లో మనిషి తనంతట తాను లేచి నిలబడతారు.

అయితే ఇదంతా తీవ్రమైన, చాలాకాలం నుంచి ఉన్న లోపం గురించి. రిపోర్టులో అంకె కొంచెం తక్కువగా ఉన్న వాళ్లలో చాలామందికి అసలు ఏ లక్షణమూ ఉండదు. ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. జుట్టు రాలడం, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, విసుగు, మధుమేహం, గుండె జబ్బు, క్యాన్సర్, ఇలా లోకంలో ఉన్న ప్రతి బాధకూ ఈ విటమిన్‌ను బాధ్యురాలిని చేసే మాటలు వింటూ ఉంటాం. ఈ జబ్బులున్న వాళ్లలో డి స్థాయి తక్కువగా కనిపించడం నిజమే. కానీ జబ్బు మనిషి ఇంట్లోనే ఉంటాడు, ఎండకు వెళ్లడు. ఏది ముందు, ఏది వెనుక? అది తేల్చడానికే అమెరికాలో వైటల్ అనే పెద్ద పరిశోధన చేశారు. 25,871 మంది పాల్గొన్నారు. కొందరికి రోజుకు 2,000 యూనిట్ల డి3, మిగతావారికి మందు లేని ఉత్త మాత్ర. సగటున అయిదేళ్లకు పైగా చూశారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం కొత్తగా క్యాన్సర్ రావడంలో గానీ గుండెపోట్లు, పక్షవాతాల్లో గానీ చెప్పుకోదగిన తేడా లేదు. 2022లో ఎముకలు విరగడం గురించి చూస్తే అక్కడా తేడా లేదు. దీన్నిబట్టి డి విటమిన్ దండగ అనుకోకూడదు. అందులో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మొదటినుంచీ లోపం లేదు. లోపం లేని మనిషికి ఇంకా పోస్తే ఒరిగేది లేదు అన్నదే దాని అర్థం.

ఇక పరీక్ష. అడగవలసినది 25-హైడ్రాక్సీ విటమిన్ డి. కొందరు పొరపాటున 1,25-డైహైడ్రాక్సీ పరీక్ష చేయించుకుని వస్తారు. పేరులో అంకె ఎక్కువగా ఉంది కాబట్టి మేలురకం అనుకుంటారో ఏమో! అది మూత్రపిండాల్లో తయారయ్యే చివరి రూపం. లోపం ఉన్నప్పుడు పారాథైరాయిడ్ హార్మోను ఒత్తిడి వల్ల అది మామూలుగా ఉండవచ్చు, ఎక్కువగా కూడా ఉండవచ్చు. దాన్ని చూసి లోపం లేదనుకుంటే మోసపోతాం. కొన్ని ప్రత్యేకమైన జబ్బుల్లోనే ఆ పరీక్ష అవసరం.

అంకెల దగ్గరికి వస్తే, మిల్లీలీటరు రక్తంలో 12 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపమని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. 20 దాటితే చాలామందికి సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లో విడుదల చేసిన నివేదికలో చెప్పింది. 30 ఉండాలని హార్మోన్ల వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2011లో చెప్పింది. అదే సొసైటీ 2024లో ఆ 30 అనే గీతను తానే పక్కన పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లందరికీ ఈ పరీక్ష చేయించవద్దని కూడా చెప్పింది. కాబట్టి మీ రిపోర్టులో 24 ఉండి, పక్కన ఎర్ర అక్షరాల్లో ‘తక్కువ’ అని ఉంటే రాత్రి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు. కొన్ని చోట్ల రిపోర్టులు లీటరుకు ఇన్ని నానోమోళ్లని ఇస్తారు. నానోగ్రాముల అంకెను రెండున్నరతో గుణిస్తే ఆ అంకె వస్తుంది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములూ, లీటరుకు 50 నానోమోళ్లూ ఒకటే. ఈ కొలతల తేడా చూసుకోకుండా 50 వచ్చిందని ఒకరు సంబరపడతారు, 20 వచ్చిందని ఇంకొకరు బెంగపడతారు. ఇద్దరి పరిస్థితీ ఒకటే. ఇంకో సంగతి, చలి దేశాల్లో వేసవి చివర చేసిన పరీక్షకూ శీతకాలం చివర చేసిన పరీక్షకూ ఒకే మనిషిలో కూడా బాగా తేడా ఉంటుంది. రెండు రిపోర్టులు పోల్చేటప్పుడు నెల కూడా చూడాలి.

తీవ్రంగా ఉంటే ఈ ఒక్క పరీక్షతో సరిపెట్టను. కాల్షియం, భాస్వరం, ఎముక పనిని చూపే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్, పారాథైరాయిడ్ హార్మోను, మూత్రపిండాల పనితీరు చూస్తాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోను రెండూ పెరిగి ఉంటే ఎముక నిజంగా ఇబ్బంది పడుతోందని లెక్క. ఒంటరి అంకె కంటే ఈ కథ నాకు ముఖ్యం.

చికిత్సకు వద్దాం. పెద్దవాళ్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి వారానికి ఒకసారి 50,000 యూనిట్లు, ఎనిమిది వారాల పాటు. కొన్ని చోట్ల 60,000 యూనిట్ల గుళికలు, పొడి పొట్లాలు దొరుకుతాయి. రోజూ వేసుకునే పద్ధతిలో కూడా దాన్నే సాధించవచ్చు. డి3, డి2 అని రెండు రకాలున్నాయి. రక్తంలో స్థాయిని పెంచి నిలపడంలో డి3 మెరుగు కాబట్టి నేను దాన్నే రాస్తాను. ఇది కొవ్వులో కరిగేది. అందుకని పరగడుపున కాకుండా కాస్త కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. దీనితో పాటు తిండిలో కాల్షియం చాలినంత ఉందో లేదో చూడాలి. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 1,000 మిల్లీగ్రాములు కావాలి, వయసు పైబడిన స్త్రీలకు 1,200. తిండిలో అందుతుంటే మాత్ర అక్కరలేదు. తీవ్రమైన ఆస్టియోమలేషియాలో మాత్రం డి మొదలుపెట్టగానే ఎముకలు కాల్షియం కోసం ఎగబడతాయి, రక్తంలో అది పడిపోవచ్చు. అక్కడ కాల్షియం మాత్ర తప్పనిసరి.

ఇప్పుడు ఆ అడ్డుకట్ట మాట. చీటీ మీద ‘వారానికి ఒకటి’ అని ఉంటుంది. ఇంటికి వెళ్లాక మిగతా మాత్రలతో పాటు రోజూ ఒకటి మింగేస్తారు. విటమినే కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. ఈ మందుతో జరిగే ప్రమాదాల్లో బాగా ఎరిగున్నది ఇదే. చర్మం అదనాన్ని తోసిపుచ్చగలదు, పేగు తోసిపుచ్చదు, మింగినది ఒంట్లో చేరిపోతుంది. రక్తంలో స్థాయి 150 నానోగ్రాములు దాటితే కాల్షియం విపరీతంగా పెరగడం మొదలవుతుంది. దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, ఆకలి చచ్చిపోవడం, వయసు మళ్లినవారిలో అయోమయం వస్తాయి. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కొవ్వులో నిల్వ ఉన్న మందు నెలల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆపిన మర్నాడే సమస్య తీరదు. అందుకే వారానికి ఒకటి వాడేవాళ్లు ఒక రోజు నిర్ణయించుకుని, గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. పిల్లలకు చుక్కల మందు ఇచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఒక సీసాలో మిల్లీలీటరుకు 400 యూనిట్లు ఉంటే, ఇంకో సీసాలో ఒక్క చుక్కకే 400 ఉండవచ్చు. సీసా మారితే లెక్క మారుతుంది.

‘‘ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చేయండి, ఏడాది దాకా మళ్లీ చూడక్కరలేదు’’ అని అడిగేవారు ఉంటారు. సౌకర్యంగానే ఉంటుంది. వయసు మళ్లిన స్త్రీలకు ఏడాదికి ఒకసారి 5,00,000 యూనిట్లు నోటి ద్వారా ఇచ్చి చూసిన ఒక పరిశోధన 2010లో వచ్చింది. ఎముకలు విరగడం తగ్గుతుందని మొదలుపెట్టారు. మందు తీసుకున్నవాళ్లు ఎక్కువసార్లు పడ్డారు, వాళ్ల ఎముకలు ఎక్కువగా విరిగాయి. ఈ విటమిన్ మనకు సహజంగా వచ్చేదే కొద్దికొద్దిగా, రోజూ. ఏడాది తిండి ఒక్క పూటలో తినం కదా. ఇంజెక్షన్ కూడా పేగులు పీల్చుకోలేని వాళ్ల కోసమే. మామూలుగా మింగగలిగిన మనిషికి సూది గొప్పది, మాత్ర చిన్నది అనే తేడా ఏమీ లేదు.

ఎనిమిది వారాలు వాడారు, మూడు నెలలకు పరీక్ష చేయించారు, 35 వచ్చింది. చిల్లు పడిన కుండను నిండుగా నింపారు. ఇప్పుడు నీళ్లు పోయడం ఆపి వెళ్లిపోతారా? రక్తంలోని 25-హైడ్రాక్సీ రూపం రెండు, మూడు వారాల్లో సగం ఖర్చయిపోతుంది. కొవ్వులోంచి కొంత వచ్చి కలుస్తుంది కాబట్టి పతనం కొన్ని నెలల మీద సాగుతుంది. కానీ పడడం పడుతుంది. మళ్లీ ఎంత వరకు పడుతుందో తేల్చేది ఆ చిల్లు ఏమిటన్నదే.

కాబట్టి కారణం వెతకాలి. చాలామందిలో అది ఎండ తగలకపోవడమే. పగలంతా గోడల మధ్య పని, బయటికి వెళ్లినా వాహనంలో ప్రయాణం. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే వేడి తగులుతుంది, వెలుతురు తగులుతుంది, బి రకం కిరణాలు మాత్రం అద్దంలోంచి దాదాపు రావు. ఒళ్లంతా కప్పుకునే దుస్తులు, గాలిలో కాలుష్యం కూడా అడ్డే. నల్లని చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి అంతే విటమిన్‌కు ఎక్కువసేపు ఎండ కావాలి. వయసు పెరిగే కొద్దీ చర్మంలో ముడిసరుకే తగ్గిపోతుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువున్న వాళ్లలో విటమిన్ ఆ కొవ్వులోకి చేరిపోతుంది. వాళ్లకు రెండు మూడు రెట్ల మోతాదు అవసరం కావచ్చు. సీలియాక్ వంటి పేగు జబ్బులు, బరువు తగ్గడానికి పేగును మళ్లించే శస్త్రచికిత్సలు అయినవాళ్లకు మింగినది ఒంటబట్టదు. కాలేయ జబ్బులు, మూత్రపిండాల జబ్బులు మార్పు దశలను అడ్డుకుంటాయి. మందుల్లో మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్, ఫెనోబార్బిటాల్, క్షయకు వాడే రిఫాంపిసిన్ విటమిన్‌ను త్వరగా విరగ్గొట్టి ఖర్చు చేయిస్తాయి. స్టెరాయిడ్లదీ కొంత పాత్ర ఉంది.

ఎండ తక్కువ అన్నది కారణమైతే, దాన్ని నిజంగా మార్చగలరా అని అడుగుతాను. మార్చగలిగితే మంచిదే. కానీ ఒక అపోహ ఉంది. తెల్లవారుజామున లేత ఎండలో నిలబడితే విటమిన్ వస్తుందనుకుంటారు. పొద్దు వాలుగా ఉన్నప్పుడు బి కిరణాలు వాతావరణంలోనే చాలావరకు ఆగిపోతాయి. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్న వేళ అయితే ప్రయోజనం. చేతులు, ముఖం, కాళ్లు కాసేపు, చర్మం ఎర్రబడక ముందే లోపలికి వచ్చేలా చూసుకోవాలి. చర్మం కమిలేదాకా ఉంటే విటమిన్ అదనంగా రాదని ముందే చెప్పుకున్నాం, చర్మ క్యాన్సర్ ముప్పు మాత్రం పెరుగుతుంది. భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉన్న చోట్ల శీతకాలం పొడవునా మధ్యాహ్నం నిలబడినా లాభం ఉండదు. తిండిలో కొవ్వు ఎక్కువున్న సముద్రపు చేపలు, గుడ్డులోని పచ్చసొన, అతినీలలోహిత కాంతి పట్టించిన పుట్టగొడుగులు, విటమిన్ కలిపిన పాలు కొంత ఇస్తాయి. వీటితో మాత్రమే లోటు తీరడం కష్టం.

జీవితం మారదని తేలితే, తప్పు చేశామన్న భావన లేకుండా రోజువారీ చిన్న మోతాదు పెట్టుకోవడమే దారి. 70 ఏళ్లలోపు వాళ్లకు 600 యూనిట్లు, ఆ పైన 800, ఇది మామూలు అవసరం. ఒకసారి లోపం వచ్చినవాళ్లకు నేను తరచుగా 1,000 నుంచి 2,000 మధ్య రాస్తాను. వైద్య పర్యవేక్షణ లేకుండా పెద్దవాళ్లు రోజుకు 4,000 దాటవద్దు. రోజుకు 100 యూనిట్లు పెంచితే రక్తంలో సుమారు ఒక నానోగ్రాము, ఒక్కోసారి అంతకంటే తక్కువే పెరుగుతుంది. కాబట్టి నెలకే ఫలితం చూడాలనుకోవద్దు. మూడు నెలలు గడిస్తేనే స్థాయి ఒక చోట నిలుస్తుంది. నెలనెలా పరీక్ష చేయించడం డబ్బూ రక్తమూ రెండూ దండగ.

ఇక మీరు అడగండి.

ఒక శ్రోత: డాక్టర్ గారూ, మందు మొదలుపెట్టి నెల అయింది. నొప్పులు అలాగే ఉన్నాయి. మోతాదు పెంచుకోమంటారా?

పెంచవద్దండీ. కండరాల బలం ముందు వస్తుంది, కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. ఎముక నొప్పి తగ్గడానికి కొన్ని నెలలు పడుతుంది. మెత్తబడిన ఎముకలో ఖనిజం పూర్తిగా నిండడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. మధ్యలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఇంకొంచెం పెరిగినట్టు కనిపించినా కంగారు పడవద్దు, ఎముక పని మొదలుపెట్టిందని అర్థం. మూడు నెలల తర్వాత స్థాయి బాగా పెరిగి, నొప్పి మాత్రం రవ్వంత కూడా తగ్గకపోతే అప్పుడు నొప్పికి వేరే కారణం వెతకాలి. డి తక్కువగా ఉన్నంత మాత్రాన నొప్పంతా దానివల్లే అయి ఉండనక్కరలేదు.

ఒక శ్రోత: మా అమ్మాయి గర్భవతి. వాడవచ్చా? పుట్టాక బిడ్డకు తల్లిపాలు సరిపోతాయి కదా?

వాడవచ్చమ్మా, వాడాలి కూడా. రోజువారీ మోతాదులో అయితే భయం లేదు. వారం వారం పెద్ద మోతాదులు మాత్రం చూసే డాక్టరు చెబితేనే. బిడ్డ సంగతికి వస్తే, తల్లిపాలకు సాటి లేదు, కానీ వాటిలో ఈ ఒక్కటి చాలా తక్కువ. అందుకే పుట్టిన కొద్ది రోజుల నుంచే రోజుకు 400 యూనిట్ల చుక్కలు ఇవ్వమంటాం. పసిపిల్లల్లో తీవ్రమైన లోపం ఒక్కోసారి మూర్ఛ రూపంలో మొదటిసారి బయటపడుతుంది. చుక్కల సీసా మీద మోతాదు చదవడం మరచిపోవద్దు.

ఒక శ్రోత: నాకు సార్కాయిడోసిస్ ఉందన్నారు. రిపోర్టులో డి కూడా తక్కువగా ఉంది. అందరిలాగే కోర్సు వాడవచ్చా?

మంచి ప్రశ్న అడిగారు. మీరు సొంతంగా వాడకండి. ఆ జబ్బులో ఊపిరితిత్తుల వంటి అవయవాల్లో ఏర్పడే చిన్న గడ్డలు మూత్రపిండాల అదుపుతో సంబంధం లేకుండా సొంతంగా కాల్సిట్రియాల్ తయారు చేసుకుంటాయి. మీ నిల్వ తక్కువగా కనిపించినా చివరి రూపం ఎక్కువగా ఉండవచ్చు. ఇందాక అక్కరలేదన్న 1,25 పరీక్ష మీలాంటి వారికి కావాలి. కాల్షియం కూడా చూడాలి. పారాథైరాయిడ్ గ్రంథిలో కంతి ఉన్నవాళ్లకూ, మూత్రపిండాల్లో రాళ్లు మాటిమాటికీ వచ్చేవాళ్లకూ, గుండెకు వాడే డిజాక్సిన్ గానీ, రక్తపోటుకు వాడే థయజైడ్ రకం మాత్రలు గానీ వాడేవాళ్లకూ ఇదే మాట, డాక్టరుతో మాట్లాడాకే.

ఒక పెద్దాయన: నేను పదేళ్లుగా మూర్ఛకు ఫెనిటాయిన్ వేసుకుంటున్నాను. డి కోర్సు అయిపోయింది, పరీక్ష బాగుంది. ఇప్పటికే మాత్రలు ఎక్కువయ్యాయి. దీన్నైనా ఆపేయవచ్చా?

మీ విసుగు నాకు అర్థమైందండీ. అవసరం లేని మాత్ర తీసేయడం నాకూ ఇష్టమే. కానీ మీ విటమిన్‌ను ఖర్చు చేయిస్తున్నది ఫెనిటాయిన్. అది ఉన్నంతకాలం ఇదీ ఉంటుంది, మీకు మామూలు కంటే కాస్త ఎక్కువ మోతాదే కావాలి. దీన్ని తీయించాలంటే ముందు దాన్ని మార్చాలి. మూర్ఛ మందుల్లో విటమిన్‌ను ఇంతగా ఖర్చు చేయించనివి ఉన్నాయి, అవి మీకు సరిపోతాయో లేదో మీ నరాల డాక్టరు చెప్పాలి. ఈసారి వెళ్లినప్పుడు ఈ రెండు మందుల చీటీలూ ఒకేచోట పెట్టి చూపించండి. అంతవరకు ఫెనిటాయిన్ మాత్రం మీ అంతట మీరు ఒక్క పూట కూడా మానకండి.